విమానం దూరం, టైమ్: డిస్పాచర్‌గా నేను తరచూ వినే అపోహలు

నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో చేస్తా. విమానం ఏ దారిలో పోవాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎంతసేపు పడుతుంది అని ముందే లెక్కగట్టి ప్లాన్ తయారుచేయడం మా పని. మా చుట్టాలైతే ఫోన్‌లో దూరం చూసుకుని, శంషాబాద్ నుంచి ఢిల్లీ 1260 కిలోమీటర్లే కదా, గంటన్నరలో పోవాలి, మరి టికెట్ మీద రెండుంబావు గంటలు ఎందుకేశారని అడుగుతూనే ఉంటారు.

అపోహ: దూరాన్ని స్పీడ్‌తో భాగిస్తే టైమ్ వచ్చేస్తుంది.

టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమండీ. ఇక్కడ పార్కింగ్‌లో చక్రం కదిలినప్పట్నుంచి అక్కడ పార్కింగ్‌లో ఆగేదాకా. రన్‌వే దాకా విమానం మెల్లగా పోవడం, క్యూలో ఆగడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే. విజయవాడ 260 కిలోమీటర్లే, అయినా టికెట్‌లో గంట దాకా చూపిస్తారు, ఎందుకంటే ఎక్కడం దిగడంతోనే సరిపోతుంది, ఫుల్ స్పీడ్‌లో పోయేది కాసేపే.

అపోహ: దగ్గరి దారి అంటే మ్యాప్ మీద గీసిన గీత.

ఇంట్లో గ్లోబ్ ఉంటే దారం ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస చికాగో మీద పెట్టి బిగించండి, ఉత్తర ధ్రువం దగ్గర్లోంచి పోతుంది. గోడకున్న మ్యాప్‌లో అదే వంకరగా కనిపిస్తుంది.

అపోహ: దూరం తక్కువైతే టైమ్ కూడా తక్కువే.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ చెప్తా. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ మీదుగా కాకుండా తూర్పువైపు పసిఫిక్ మీదుగా తిప్పారు. పాత దారి 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300, అంటే 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారికంటే దాదాపు రెండు గంటలు ముందే! పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, అటు పోతే వెనకనుంచి తోస్తుంది, ఇటొస్తే ఎదురు కొడుతుంది. మా ప్లాన్‌లో సగం పని ఈ గాలి చుట్టూనే.

దుబాయ్ పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఐదు గంటలు అని గల్ఫ్ వెళ్ళేవాళ్ళు అనుకుంటారు చూడండి, అక్కడ మాత్రం గాలి పాత్ర అరగంటే. టికెట్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు, మనకీ వాళ్ళకీ గంటన్నర తేడా, పోయేటప్పుడు అది తగ్గుతుంది, వచ్చేటప్పుడు కలుస్తుంది, అంతే.

అపోహ: భూమి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి పడమరకి పోతే ఊరే ఎదురొస్తుంది.

భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది, అందులోనే విమానమూ ఉంటుంది. పైగా పైన చెప్పినట్టు పడమరకి పోతేనే ఆలస్యం.

అపోహ: రెండు ఎయిర్‌పోర్టుల మధ్య టైమ్ ఎప్పుడూ ఒకటే.

2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకి పోయేవి అరేబియా సముద్రం మీదుగా చుట్టూ తిరిగాయి, అమెరికా ఫ్లైట్లు కొన్ని మధ్యలో దిగి ఇంధనం పోయించుకోవాల్సి వచ్చింది. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, టైమ్ మాత్రం మారిపోయింది.

అపోహ: లేటుగా బయల్దేరితే పైలట్ స్పీడ్ పెంచి కవర్ చేస్తాడు.

ఎ320 విమానం మామూలుగా మ్యాక్ 0.78, అంటే ధ్వని వేగంలో 78 శాతం దగ్గర పోతుంది, దాటకూడని హద్దు 0.82. ఇక పెంచడానికి ఏముంది చెప్పండి? ఢిల్లీ దాకా మహా అయితే ఐదు నిమిషాలు కలిసొస్తాయి, దానికి ఇంధనం బోలెడు ఎక్కువ కాలుతుంది. అందుకే కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే మధ్యలో కనీసం మూడు గంటలన్నా గ్యాప్ పెట్టుకోమని మావాళ్ళకి పదేపదే చెప్తుంటా.