ఓటుకు తగ్గ సీటు: దక్షిణాఫ్రికా పార్లమెంటు లెక్క వెనక కథ

2024 మే 29న దక్షిణాఫ్రికాలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. ముప్పై ఏళ్లుగా ఓటమి ఎరగని ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ)కు 40.18 శాతం ఓట్లు, 400లో 159 సీట్లు వచ్చాయి. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి పోలింగ్ జరిగింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 39 శాతం ఓట్లు పడ్డా, 175లో దక్కినవి 11 సీట్లే. ఓట్ల శాతం దాదాపు ఒకటే, సీట్ల దగ్గర మాత్రం పొంతనే లేదు. అక్కడ పార్టీకి ఎంత శాతం ఓట్లు పడితే దాదాపు అంత శాతం సీట్లు. దక్షిణాఫ్రికా ఈ పద్ధతి ఎందుకు పెట్టుకుందో తెలియాలంటే 1948 దగ్గర మొదలుపెట్టాలి.

అప్పుడు అక్కడా మనలాగే నియోజకవర్గానికో సభ్యుడు. ఓటు హక్కు దాదాపుగా తెల్లవాళ్లదే. అప్పటి పాలకపక్షం యునైటెడ్ పార్టీకి సగానికి దగ్గరగా ఓట్లు వచ్చాయి. కానీ పల్లె నియోజకవర్గాల్లో ఓటర్లు తక్కువ, సీట్లు ఎక్కువ. దాంతో ఓట్లలో బాగా వెనకబడిన మలాన్ నాయకత్వంలోని నేషనల్ పార్టీ, మిత్రపక్షంతో కలిసి 153లో 79 సీట్లు గెలిచింది. వర్ణవివక్షను రాజ్యవిధానం చేసిన ప్రభుత్వం అలా గద్దెనెక్కింది.

ఓటు కోసం తపనలో మనవాళ్లకూ పాలుంది. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు మద్రాసు ఓడల్లో వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడి భారతీయులకు ఓటు దక్కకుండా 1896లోనే చట్టం వచ్చింది. 1984లో భారతీయ సంతతికి విడిగా ఒక సభ ఇస్తామన్నారు. మెజారిటీ అయిన నల్లజాతివారికి మాత్రం పార్లమెంటులో చోటే లేదు. ఆ ఎన్నికలో భారతీయుల్లో ఎక్కువమంది ఓటు వేయడానికి వెళ్లలేదు. ఎదురుచూసిన హక్కు చేతికొస్తున్నా, పక్కవాడికి లేనిది మాకొద్దని నిలబడ్డారు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం అదే.

నెల్సన్ మండేలా విడుదలయ్యాక జరిగిన చర్చల్లో కొత్త పద్ధతి కుదిరింది. పాత పద్ధతే ఉంటే ఏఎన్‌సీ ఇంకా ఎక్కువ సీట్లు ఊడ్చుకుపోయేది. అయినా పార్టీకి ఎంత శాతం ఓట్లో అంత శాతం సీట్లు అన్న లెక్కకు ఒప్పుకుంది. కనీసం ఇన్ని శాతం రావాలన్న గీత కూడా పెట్టుకోలేదు. తుపాకులు ఇంకా చల్లారని రోజులవి. చిన్న పార్టీ కూడా వీధుల్లో కాకుండా సభలో మాట్లాడాలన్నది వాళ్ల ఆలోచన.

1994 ఏప్రిల్ ఎన్నికలకు ఓటర్ల జాబితా కూడా లేదు. జులూ తెగవారి ఇన్‌కాథా పార్టీ పోలింగ్‌కు వారం ముందు బరిలోకి దిగింది. అప్పటికే బ్యాలెట్లు అచ్చయిపోయాయి. దాంతో ఆ పార్టీ పేరున్న స్టిక్కర్లను వాటి అడుగున అతికించారు. ఏఎన్‌సీకి 252 సీట్లొచ్చాయి. అర శాతం కూడా ఓట్లు రాని ఒక పార్టీకి రెండు వచ్చాయి.

ఈ పద్ధతికీ లోటుంది. పార్టీ జాబితాకే ఓటు కాబట్టి, ఫలానా ఆయన మా ఎంపీ అని నిలదీయడానికి జనానికి మనిషి దొరకడు. రాజ్యాంగ న్యాయస్థానం 2020లో ఇచ్చిన తీర్పు వల్ల 2024లో స్వతంత్రులకు పోటీచేసే వీలు దొరికింది. ఒక్కరూ గెలవలేదు.

2004లో దాదాపు 70 శాతానికి ఎక్కిన ఏఎన్‌సీ ఆ తర్వాత దిగుతూనే వచ్చింది. మాజీ అధ్యక్షుడు జాకబ్ జుమా హయాం నాటి అవినీతి, గంటలకొద్దీ కరెంటు కోతలు, మూడో వంతుకు చేరువైన నిరుద్యోగం జనాన్ని విసిగించాయి. 2024లో నమోదైన ఓటర్లలో నూటికి నలభైమందికి పైగా ఇంట్లోనే ఉండిపోయారు. జుమా నడిపిన కొత్త పార్టీ ఎంకే 58 సీట్లు పట్టుకుపోయింది.

జూన్ 14న సిరిల్ రామఫోసా మళ్లీ అధ్యక్షుడయ్యారు. పార్లమెంటు సభ్యుల నుంచి ఆయనకు పడిన 283 ఓట్లలో, నిన్నటిదాకా ప్రధాన ప్రతిపక్షమైన డెమోక్రటిక్ అలయన్స్ ఓట్లూ ఉన్నాయి. ఆ పార్టీ ఆయన ప్రభుత్వంలోనూ చేరింది. 2025లో వ్యాట్ పెంచాలని ఆర్థికమంత్రి ప్రతిపాదిస్తే ఆ భాగస్వామి పార్టీయే అడ్డం తిరిగింది, కోర్టుకూ వెళ్లింది. ఏప్రిల్ చివర్లో పెంపును వెనక్కి తీసుకున్నారు.