ఆక్వా ఉద్యోగాల పోటీలో కనబడేదెవరు? అపోహలు – వాస్తవాలు

భీమవరం, కాకినాడ, అమలాపురం చుట్టుపక్కల ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు, మేత కర్మాగారాలకు, పరీక్షా ల్యాబులకు ఉద్యోగులను ఎంపిక చేయడం నా వృత్తి. క్వాలిటీ కంట్రోల్‌లో ఒక్క ఖాళీ ఉందని తెలిస్తే చాలు, ఆక్వాకల్చర్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదివినవారి దరఖాస్తులు కట్టలు కట్టలుగా వచ్చిపడతాయి. చాలా భారతీయ సరుకుల మీద అమెరికా అదనపు సుంకం 2025 ఆగస్టు 27న 50 శాతానికి చేరిన తరువాత, ఆ మార్కెట్‌నే నమ్ముకున్న ప్లాంట్లు కొత్తవారిని తీసుకోవడంలో మరింత ఆచితూచి అడుగు వేయడం చూశాను. ఇంత పోటీలో నలుగురిలో కనబడాలని ఎవరైనా కోరుకుంటారు. అయితే అందుకోసం మన పిల్లలు ఏ మాటలు నమ్మి, తల్లిదండ్రుల డబ్బు ఎక్కడ ఖర్చు పెడుతున్నారో చూస్తే మనసు కష్టపడుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సర్టిఫికెట్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత ప్రత్యేకంగా కనబడతాము.

వాస్తవం: ఒక్కరోజు శిక్షణలో ఇచ్చిన హాసప్ (ఆహారంలో ప్రమాదాలను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) సర్టిఫికెట్ ఇప్పుడు దాదాపు ప్రతి దరఖాస్తుకూ జత చేసి ఉంటోంది. అందరి దగ్గరా ఉన్న కాగితం ఎవరినీ విడిగా చూపించలేదు. ఆ కాగితం వెనుక ఉన్న అవగాహనను తెలుసుకోవడానికి నేను సాధారణంగా ఒకే ప్రశ్న వేస్తాను: చెరువు నుంచి వచ్చిన సరుకును ప్లాంటులోకి దించుకునేటప్పుడు యాంటీబయాటిక్ అవశేషాల ప్రమాదాన్ని ఎలా అదుపు చేస్తారు? క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషిద్ధ మందుల జాడ లేదని పట్టుబడికి ముందే నమూనా తీసి పరీక్షించాలని, ఏ లాటు ఏ రైతు చెరువుదో రికార్డులో ఉండాలని, తేడా వస్తే ఆ సరుకును ఆపేసే అధికారం ఎవరిదో ముందే తేల్చి ఉండాలని చెప్పగలిగినవారు చాలా తక్కువ మంది. అలా చెప్పినవారి పేరు పక్కన నేను వెంటనే గుర్తు పెట్టుకుంటాను, వారి దగ్గర సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా.

రెజ్యూమెలో రాసే మాటలకూ ఇదే వర్తిస్తుంది. ‘రొయ్యల చెరువుల నిర్వహణలో అనుభవం ఉంది’ అన్న వాక్యం ఏమీ చెప్పదు. ఈమధ్య వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని ఆ వాక్యానికి బదులు, తన మేనమామ చెరువు మీద ఒక పంట కాలమంతా తాను రాసిన నోటు పుస్తకాన్ని పట్టుకొచ్చింది. తేదీల వారీగా డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్), పీహెచ్, ఉప్పదనం, వేసిన మేత, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెంలో) మిగిలినది, వలేసి తూచినప్పుడు వచ్చిన సగటు బరువు, కనబడిన చనిపోయిన రొయ్యలు, అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని పేజీలు వానకు తడిసి ఉబ్బి ఉన్నాయి. ‘డీవో ఏ వేళలో చూసేదానివమ్మా?’ అని అడిగాను. ‘తెల్లవారుజామున నాలుగింటికి సార్. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి ఆ వేళకే బాగా పడిపోతుంది. నాలుగు పీపీఎం కంటే దిగితే మావయ్యను లేపి మిగతా ఏరేటర్లు కూడా వేయించేదాన్ని’ అంది. ఆ తరువాత నేను అడగవలసినది పెద్దగా మిగలలేదు.

ఇలాంటి పుస్తకం రాయడానికి సొంత చెరువు ఉండనక్కరలేదు. ఉండి, ఆకివీడు, కాళ్ళ, గణపవరం మండలాలలో పుట్టి పెరిగిన పిల్లలకు బంధువులలోనో ఇరుగుపొరుగులోనో ఒక ఆక్వా రైతు తప్పకుండా దొరుకుతాడు. వనామీ రకం రొయ్యల పంట సుమారు నాలుగు నెలలు. పంట ముగిశాక లెక్క కట్టడం కూడా నేర్చుకోవాలి. కిలోకు 50 రొయ్యలు తూగితే 50 కౌంట్, అంటే ఒక్కొక్కటి 20 గ్రాములు. 1500 కిలోల మేతకు 1000 కిలోల పట్టుబడి వస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టిన మేత, 1.5. ఆ అంకె ఎందుకు పెరిగిందో, ఏ వారంలో మేత వృథా అయిందో పుస్తకంలో వేలు పెట్టి చూపించగలిగితే, ఆ అభ్యర్థి వేల రూపాయల కోర్సు చేసినవారి కంటే ముందు వరుసలో ఉన్నట్టే.

అపోహ: రెజ్యూమెను మనిషి చూడడు, సాఫ్ట్‌వేరే తీసి పారేస్తుంది. కాబట్టి దాన్ని ఏమార్చే కిటుకులు తెలియాలి.

వాస్తవం: మన ప్రాంతంలోని ప్లాంట్లలో నేను పనిచేసినంతవరకు రెజ్యూమెలు మెయిల్‌కో, వాట్సాప్‌కో వస్తాయి, వాటిని మనుషులే తెరిచి చూస్తారు. పెద్ద కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా దరఖాస్తులను నిల్వ చేయడానికి, అర్హతల ప్రకారం వడపోయడానికి, కావలసిన మాటలతో వెతకడానికి ఉపయోగపడుతుంది. రెండు వరుసల డిజైను, పట్టికలు, బొమ్మల్లో ఇమిడ్చిన అక్షరాలు ఉంటే అది సరిగా చదవలేకపోవచ్చు. అందుచేత సాదాగా ఒకటి రెండు పేజీల్లో, ప్రకటనలో వాడిన పదాలనే, అవి మీకు నిజంగా వర్తించేంతవరకు రాస్తే సరిపోతుంది. కనబడని తెల్ల అక్షరాలతో పదాలు నింపమని సలహా ఇచ్చేవారిని నమ్మవద్దు. తెరిచి చూసిన మనిషికి అది దొరికిపోతుంది, దానితో మిగతా నిజాల మీద కూడా అనుమానం కలుగుతుంది.

అపోహ: ఇంగ్లీషు గడగడా మాట్లాడేవారికే ఉద్యోగం.

వాస్తవం: ఈ భయం వల్ల ఎంత మంచి పిల్లలు ఇంటర్వ్యూ గదిలో నోరు విప్పలేకపోతున్నారో చెప్పలేను. ప్లాంటు లోపల పని తెలుగులో నడుస్తుంది, ఇతర రాష్ట్రాల కార్మికులు ఉన్నచోట కొంత హిందీ కూడా అవసరమవుతుంది. ఇంగ్లీషు తప్పనిసరిగా కావలసింది చదవడంలో, రాయడంలో: ఉష్ణోగ్రతల లాగ్ షీటు, కొనుగోలుదారు పంపిన స్పెసిఫికేషన్, ఆడిట్‌లో ఎత్తిచూపిన లోపానికి ఇవ్వవలసిన జవాబు. కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీల కంటే వేడిగా ఎంతసేపు ఉంది, ఎందుకు ఉంది, సరుకును ఏమి చేశాము అన్న మూడు విషయాలను మూడు చిన్న వాక్యాలలో తప్పుల్లేకుండా రాయగలిగితే, కింది స్థాయి ఉద్యోగానికి ఆ ఇంగ్లీషు చాలు. విదేశీ కొనుగోలుదారులతో నేరుగా మాట్లాడే మార్కెటింగ్ ఉద్యోగాల సంగతి వేరు, అక్కడ మాట్లాడడం రావాలి. సాధన దేనికి చేయాలో కోరుకున్న ఉద్యోగాన్ని బట్టి నిర్ణయించుకోండి.

అపోహ: సిఫారసు లేనిదే ఏదీ జరగదు.

వాస్తవం: సిఫారసు పనిచేస్తుంది, ఆ మాట దాచడం మంచిది కాదు. కానీ ఏ సిఫారసు ఎంత దూరం తీసుకువెళుతుందో తెలుసుకోవాలి. పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఫోను చేస్తే రెజ్యూమె బల్ల మీదికి వస్తుంది, అంతవరకే. అదే మీ పని కళ్ళారా చూసిన హేచరీ టెక్నీషియన్, ల్యాబు ఇన్‌ఛార్జి, మీకు ప్రాజెక్టు చేయించిన లెక్చరర్ ‘ఈ అబ్బాయి రీడింగు తీయకుండా అంకె రాయడు’ అని ఒక్క మాట చెబితే, ఆ మాటకు నేను ఎంతో విలువ ఇస్తాను. ఇలాంటివారి పరిచయం కోసం ఏ ఊరి పెద్ద ఇంటి ముందూ నిలబడనక్కరలేదు. చదువుకునే రోజుల్లో వారి దగ్గర కొద్దికాలమైనా శ్రద్ధగా పనిచేస్తే చాలు.

అపోహ: మధ్యలో ఖాళీ ఉన్న సంవత్సరాలను ఎలాగైనా కప్పిపుచ్చాలి.

వాస్తవం: పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ (ఉద్యోగాలు మారినా మారని ఒకే నంబరు) వచ్చాక, పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో సర్వీస్ హిస్టరీలో కనబడుతుంది. నాన్నగారికి ఒంట్లో బాగోక వరి చేలు చూసుకున్నాను అంటే అది లోపం కాదు. ఆ సంవత్సరంలో కూలీల లెక్కలు, ఎరువుల కొనుగోళ్ళు, ధాన్యం అమ్మకం మీరే చూసి ఉంటే అవి కూడా రాయండి.

అపోహ: అప్రెంటిస్‌గా చేరడం అంటే ఏడాది వృథా చేసుకోవడం.

వాస్తవం: ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ, ఎందుకంటే అనుభవం లేదన్న కారణంతో తిరస్కరణకు గురవుతున్న పిల్లలే అనుభవం వచ్చే ఈ దారిని వదులుకుంటున్నారు. 1961 అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మన జిల్లాల్లోని ప్రాసెసింగ్ ప్లాంట్లు చాలావరకు ఈ పరిధిలోకి వచ్చేంత పెద్దవే. స్టైపెండ్ తక్కువన్న మాట నిజం. శిక్షణ ముగిశాక అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ కూడా లేదు, ఆ సంగతి చేరేముందే స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి. అయినప్పటికీ గ్రేడింగ్, గ్లేజింగ్, ఫ్రీజింగ్, ప్యాకింగ్ విభాగాలన్నీ తిరిగి, ఒక ఆడిట్‌ను దగ్గరుండి చూసి వచ్చినవారు రెండో ప్లాంటులో ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ప్రకటన కోసం ఎదురుచూడకుండా నేరుగా హెచ్‌ఆర్ విభాగానికి వెళ్ళి ‘మీ దగ్గర అప్రెంటిస్ ఖాళీలు ఎప్పుడు భర్తీ చేస్తారు?’ అని అడగండి. అలా అడిగేవారు అరుదు కాబట్టి ఆ పేరు గుర్తుండిపోతుంది.

అపోహ: కొంత డబ్బు ముందుగా కడితే మన పేరు పైకి వస్తుంది.

వాస్తవం: ఏ మంచి ప్లాంటూ ఉద్యోగం ఇచ్చినందుకు అభ్యర్థి దగ్గర రూపాయి కూడా తీసుకోదు. రిజిస్ట్రేషన్, యూనిఫాం, సెక్యూరిటీ డిపాజిట్ పేర్లతో అడిగితే అక్కడితో ఆపేయండి. గల్ఫ్ ఉద్యోగాల విషయంలో కోనసీమ కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు వసూలు చేయగల సేవా రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, దానికి రసీదు ఇవ్వాలి. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఊళ్ళో తిరిగే సబ్ ఏజెంటు ఎంత తెలిసినవాడైనా, ఆ జాబితాలో పేరు కనబడకపోతే పాస్‌పోర్టు అతని చేతికి ఇవ్వవద్దు.