ఆ ముళ్ళకు ఎర్రరంగు ఎవరు వేశారు?

అమ్మణ్ణికి, అబ్బయ్యకు తాత దీవెనలు.

మీ బడి గోడ మీద కరోనా బొమ్మ ఇంకా చెరిగిపోలేదని రాశారు. "బూడిదరంగు బంతికి ఎర్ర ముళ్ళున్నాయి. నిజంగా ఎర్రగానే ఉంటాయా తాతా?" అని అడిగావు గదా అమ్మణ్ణీ. ఉండవు. మిల్లీమీటరును పదివేల ముక్కలు చేస్తే ఒక ముక్కంత ఉంటుంది ఆ వైరస్. మన కంటికి కనిపించే వెలుగు అలకంటే కూడా చిన్నది. ఇక దానికి రంగెక్కడిది? ఆ ఎరుపు 2020లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీలో అలిస్సా ఎకర్ట్, డాన్ హిగ్గిన్స్ అనే చిత్రకారులు వేసింది.

సైంటిస్టులకు కనిపించేది నీడ. మా చిన్నప్పుడు కావలి దగ్గర మా ఊరికి తోలుబొమ్మలాట వచ్చేది. రెండు తెల్లచీరలు ముళ్ళతో గుచ్చి తెర కట్టేవాళ్ళు. వెనక ఆముదం దీపాలు. జుట్టుపోలిగాడు, బంగారక్క పోట్లాడుకుంటుంటే పొట్టచెక్కలయ్యేది. లంకాదహనం దాకా మేలుకుందామనుకుని ఏటా నిద్రపోయేవాణ్ణి. ఒకసారి తెరవెనక్కి దూరాను. దీపానికి ఎడంగా ఉన్న రావణుడు ఉత్త ఎండుతోలు మాదిరి ఉన్నాడు. "రాముడికి నీలం ఎందుకు?" అన్నాను. బొమ్మలాయన నవ్వి, "చివర కూర్చున్నోడికి రాముడెవరో ఎట్టా తెలుస్తుందిరా?" అన్నాడు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దీపానికి బదులు ఎలక్ట్రాన్లు, బొమ్మకు బదులు వైరస్. తోలుబొమ్మ నీడకు రంగుంటుంది, ఈ నీడ మాత్రం బూడిదే. ఇక్కడ నా పోలిక కాస్త కుంటుతోంది, అయినా వదలను. వైరస్ మన ఒంట్లోని కణాన్ని పట్టుకునేది ఆ ముళ్ళతోనే. అందుకే వాటికి ఎరుపు, చివర కూర్చున్నవాడికి కూడా తెలియాలని. రంగు చిత్రకారుడి ఇష్టం. ఆకారం మాత్రం సైంటిస్టును అడిగి వేయాల్సిందే. తలలు తగ్గిస్తే రావణుడు కాడు గదా! 1961లో తిమింగలం కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ను ఇర్వింగ్ గైస్ అనే చిత్రకారుడు అట్టాగే గీశాడు, దాని ఆకారం కనిపెట్టిన జాన్ కెండ్రూతో కలిసి. మరుసటేడు కెండ్రూకు నోబెల్ వచ్చింది. అడగడానికి సిగ్గుపడే రకం కాదు ఆ గైస్. మీరూ సిగ్గుపడొద్దు.

డేవిడ్ గుడ్‌సెల్ అని ఇంకొకాయన ఉన్నాడు. సైంటిస్టూ ఆయనే, చిత్రకారుడూ ఆయనే. కణాల లోపలి సంగతులను పదిలక్షల రెట్లు పెంచి నీటిరంగుల్లో వేస్తాడు. ఆ లెక్కన కరోనా బత్తాయంత అవుతుంది. నాలుగడుగుల అమ్మణ్ణి కావలిలో పడుకుంటే కాళ్ళు కలకత్తాలో ఉంటాయి! నాకు ఆ ఊహ దగ్గర బుర్ర ఆగిపోయింది, ఇక చెప్పలేను.

ఈసారి కరెంటు పోయినప్పుడు ఒక పని చేయండి. దీపం ముందు చెంబు పట్టుకుని నిలబెట్టి, పడుకోబెట్టి, వాల్చి గోడ మీద నీడలు గీయండి. ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో వస్తుంది. సైంటిస్టులు వైరస్ ఆకారాన్ని పట్టుకునేదీ ఇట్టాంటి నీడల నుంచే. చెంబని చెప్పకుండా ఆ నీడలు మీ నాన్నకు చూపించి, అదేమిటో గీయమనండి. ఆయన గీసింది నాకు పంపండి, రంగు నేనేస్తాను.

మీ తాత