పోలికకే అరెస్టు: ముఖ గుర్తింపు వివాదం ఎక్కడ మలుపు తిరిగింది

అమెరికా పోలీసులు వాడే ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌పై గొడవ రేగిన ప్రతిసారీ కంపెనీలు చెప్పేది ఒకటే: అవి పాత లోపాలు, ఇప్పుడు కచ్చితత్వం బాగా పెరిగింది. పెరిగిన మాట నిజమే. కానీ నల్లజాతివారు చేయని నేరానికి లాకప్‌లో కూర్చోవాల్సి రావడానికి కారణం సాఫ్ట్‌వేర్ కచ్చితత్వం తగ్గడం ఒక్కటే కాదు.

2018లో పరిశోధకులు జాయ్ బులామ్‌విని, టిమ్నిట్ గెబ్రు ముఖాలను విశ్లేషించే ప్రోగ్రాములను పరీక్షించారు. ముదురు రంగు మహిళల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా వెళ్లాయి, లేత రంగు మగవాళ్ల విషయంలో 0.8 శాతం దాటలేదు. అయితే అది ఆడో మగో చెప్పే ప్రోగ్రాముల పరీక్ష. మరుసటి ఏడాది అదే తరహా పరీక్షలో దొరికిన అమెజాన్, మనిషిని గుర్తించడం వేరే పని అని వాదించింది.

ఆ వాదనకు 2019 డిసెంబరులో తెరపడింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 189 అల్గారిథమ్‌లను (ముఖాలను పోల్చే లెక్కల పద్ధతులను) కోటీ 80 లక్షలకు పైగా ఫొటోలతో పరీక్షించి, తప్పులను రెండుగా విడదీసింది. అదే మనిషిని గుర్తుపట్టకపోవడం ఒకటి. దానివల్ల మహా అయితే ఫోను తెరుచుకోదు. వేరే మనిషిని పట్టుకుని ఇతనే అనడం రెండోది. దానివల్ల ఇంటికి పోలీసులొస్తారు. రెండు ఫొటోలను పోల్చే పరీక్షలో ఈ రెండో తప్పు ఆఫ్రికన్ అమెరికన్, ఆసియా ముఖాలకు తెల్లవారికంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా జరిగింది. చైనాలో తయారైన కొన్ని అల్గారిథమ్‌లకు తూర్పు ఆసియా ముఖాలతో ఈ ఇబ్బంది లేదు. శిక్షణకు ఎవరి ఫొటోలు వాడారన్నది కీలకమనడానికి ఇదో బలమైన సూచన. ఒక ఫొటోను డేటాబేస్‌లోని ఎన్నో ఫొటోల్లో వెతికే పనిలో మేటి అల్గారిథమ్‌లు కొన్ని ఇలాంటి జాతి తేడా చూపలేదని కూడా నివేదిక చెప్పింది. కంపెనీలు ఎత్తిచూపేది ఆ భాగాన్నే.

మరుసటి నెలలోనే డెట్రాయిట్ పోలీసులు ఒక నల్లజాతి వ్యక్తిని భార్యాబిడ్డల ఎదుట అరెస్టు చేసి, సుమారు 30 గంటలు నిర్బంధించారు. కేసు 2018 నాటి గడియారాల దొంగతనం. మసక సీసీటీవీ చిత్రంతో వెతికితే సాఫ్ట్‌వేర్ ఆయన పాత డ్రైవింగ్ లైసెన్సు ఫొటోను చూపింది. ఆ ఫొటోను మరో ఐదింటితో కలిపి ఒక భద్రతా ఉద్యోగినికి చూపించారు. ఆమె దొంగతనాన్ని కళ్లారా చూడలేదు, వీడియో మాత్రమే చూసింది. ఆయన ఫొటోనే ఎంచుకుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఇలాంటి వెతుకులాటలో దొంగ ఫొటో డేటాబేస్‌లో లేకపోయినా, దగ్గరి పోలికలున్నవారి జాబితా వచ్చేస్తుంది. అందులోంచి తీసిన ముఖాన్ని సాక్షికి చూపిస్తే సాక్షి వేలు దానిమీదకే పోయే ప్రమాదం ఉంది. యంత్రం తప్పుకు మనిషి సంతకం తోడైనట్టే. సాఫ్ట్‌వేర్ ఎంత మెరుగుపడినా ఈ లొసుగు అలాగే ఉంటుంది.

అందుకే ఆ అరెస్టుపై ఆయనకూ డెట్రాయిట్ నగరానికీ మధ్య 2024 జూన్‌లో కుదిరిన 3 లక్షల డాలర్ల ఒప్పందం కచ్చితత్వం గురించి కాక పద్ధతి గురించి మాట్లాడింది. సాఫ్ట్‌వేర్ ఫలితం ఒక్కదాన్నే నమ్మి అరెస్టు చేయకూడదు, దాని ఆధారంగా నేరుగా ఫొటోలు చూపించి సాక్షిని అడగకూడదు. 2017 నుంచి ఈ సాఫ్ట్‌వేర్‌తో వారెంటు పుట్టించిన కేసులన్నీ తిరగతోడాలి. ఈ ఒప్పందానికి కట్టుబడాల్సింది డెట్రాయిట్ పోలీసులు మాత్రమే.