‘ముందు బరువు తగ్గి రండి’ అన్న మాట ఎక్కణ్నుంచి వచ్చింది?

లావుగా ఉన్న స్త్రీ పిల్లల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్తే తరచూ వినే మాట ఇది. కొత్తదేమీ కాదు. సిథియన్ (నల్ల సముద్రానికి ఉత్తరాన తిరిగిన సంచార జాతి) స్త్రీలు ఒళ్లు వల్లే గర్భం దాల్చడం లేదని, కష్టపడి పనిచేసే బక్కపలచని దాసీలకు ఇట్టే కడుపు పండుతోందని హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు వైద్య రచనల్లో ఉంది. కొవ్వు గర్భసంచి ముఖద్వారాన్ని మూసేస్తుందని వాళ్ల వివరణ. చూసింది నిజమే, చెప్పిన కారణమే తప్పు.

1721లో ఇటలీ వైద్యుడు ఆంటోనియో వాలిస్నేరి, పిల్లలు కలగని ఒక లావుపాటి రైతు స్త్రీ అండాశయాలను వర్ణించాడు: పావురం గుడ్లంత ఉన్నాయి, తెల్లగా నిగనిగలాడుతూ బొడిపెలు బొడిపెలుగా. అప్పటి నుంచి తప్పంతా అండాశయానిదే అయింది. 1935లో షికాగోలో స్టైన్, లెవెంథాల్ అలాంటి ఏడుగురి అండాశయాల్లోంచి సగం నుంచి ముప్పావు వంతు దాకా కోసి తీసేశారు. అందరికీ నెలసరి తిరిగొచ్చింది, ఇద్దరు గర్భం దాల్చారు. కోత చాలాకాలం వాడుకలో ఉంది. కానీ కోసినచోట కణజాలం అతుక్కుపోయి కొందరిలో ట్యూబుల దారే చెడేది. గర్భం కోసం చేసిన ఆపరేషనే అడ్డుపడేది.

అసలు మలుపు 1980లో వచ్చింది. ఇలాంటి అండాశయాలున్న స్త్రీల రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటోందని తేలింది. ఒంట్లో కొవ్వు, ముఖ్యంగా పొట్ట దగ్గరిది, పెరిగితే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, దాంతో శరీరం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ రెండు వైపులా దెబ్బ కొడుతుంది: అండాశయం చేత మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది, వాటిని పట్టి ఉంచే ప్రొటీన్‌ను లివర్ తక్కువ చేసేలా చూస్తుంది. ఫాలికిల్ (అండం పెరిగే చిన్న సంచి) 18–20 మిల్లీమీటర్లకు ఎదిగితేనే అండం విడుదలవుతుంది. ఇక్కడ 2–9 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. స్కానింగ్‌లో ‘నీటి బుడగలు’ అని చెప్పేవి ఇవే. తిత్తులు కావు, సగంలో ఆగిన ఫాలికిల్స్. ఈ సమస్యకు పెట్టిన పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే తిత్తులు ఎక్కువున్న అండాశయం) అన్న పేరే తప్పుదోవ పట్టించేది.

కొవ్వు ఊరికే పడి ఉండదు, మగ హార్మోన్లను ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. గర్భసంచి లోపలి పొరను మందం చేసేది ఇదే. అండం విడుదల కాకపోతే, దాన్ని అదుపులో ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఉండదు కాబట్టి ఆ పొర రాలకుండా మందమవుతూ పోతుంది. కొన్నేళ్లకు అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. పిల్లలు వద్దనుకున్నవాళ్లు కూడా నెలసరి మూడు నెలలు దాటి రాకపోతే డాక్టర్‌కు చూపించుకోవాల్సింది అందుకే.

ఇక బరువు సంగతి. 1995లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఆరు నెలల బరువు తగ్గే కార్యక్రమం పూర్తిచేసిన 13 మంది సగటున 6.3 కిలోలు తగ్గితే, 12 మందిలో అండం విడుదల మొదలైంది, 11 మంది గర్భం దాల్చారు. ‘ముందు తగ్గండి’ అన్న సలహాకు ఇలాంటివే బలమయ్యాయి. అయితే 2016లో నెదర్లాండ్స్‌లో లావుగా ఉండి పిల్లలు కలగని 577 మందిపై జరిగిన పరీక్ష ఫలితం వేరు. నెలలు నిండి, సహజ కాన్పులో ఆరోగ్యంగా ఒక బిడ్డ పుట్టినవాళ్లు వెంటనే పిల్లల కోసం చికిత్స మొదలుపెట్టినవాళ్లలో 35.2 శాతం, ఆరు నెలలు బరువు తగ్గించాక మొదలుపెట్టినవాళ్లలో 27.1 శాతం. చికిత్స లేకుండానే గర్భం దాల్చినవాళ్లు మాత్రం బరువు తగ్గించిన గుంపులోనే ఎక్కువ. కాబట్టి వయసు మీద పడుతున్నవాళ్లను బరువు పేరుతో ఆపడం మంచిది కాదని మా అభిప్రాయం.

5 నుంచి 10 శాతం తగ్గినా, అంటే 90 కిలోల మనిషికి 4.5 నుంచి 9 కిలోలు, చాలామందిలో నెలసరి గాడిలో పడుతుంది. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుంటే గర్భానికి 12–18 నెలలు ఆగమంటారు. చిక్కేమిటంటే, అండం విడుదల అంతకు చాలా ముందే మొదలైపోవచ్చు. పైగా పొట్ట బైపాస్ (ఆ ఆపరేషన్లలో ఒక రకం) తర్వాత గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగ్గా పట్టకపోవచ్చు, అందుకే లూప్ లాంటి వేరే పద్ధతి ముందే ఎంచుకోవాలి. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ వాడుతుంటే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి.