ఆల్టెయిర్ సిమ్యులేటర్‌తో పాఠాలు: అపోహలు, వాస్తవాలు

పిల్లలకు పాత కంప్యూటర్ల గురించి చెబుతుంటాను. ఎక్కువగా 1975 నాటి ఆల్టెయిర్ 8800, ముందువైపు స్విచ్‌లు, లైట్లు ఉండే డబ్బా, అదీ ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ (అసలు మెషీన్‌లా నడిచే ప్రోగ్రాం) మీదే. ఎక్కడికెళ్లినా ఇవే మాటలు వినబడతాయి.

అపోహ: అసలు మెషీన్ లేకుండా నేర్పేది ఉత్తుత్తి చదువు.

వాస్తవం: ఆ ఆల్టెయిర్‌కే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను రాసిన బిల్ గేట్స్, పాల్ అలెన్ దగ్గర అప్పటికి ఆల్టెయిర్ లేనేలేదు. ఆల్టెయిర్‌లోని ఇంటెల్ 8080 చిప్‌లా నడిచే సిమ్యులేటర్‌ను అలెన్ హార్వర్డ్‌లోని పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ మీద రాస్తే, బేసిక్‌ను దాని మీదే పరీక్షించుకున్నారు. ఆల్టెయిర్ తయారయ్యే అల్బుకర్కీ నగరానికి అలెన్ దాన్ని తీసుకెళ్లి అసలు మెషీన్‌లోకి ఎక్కిస్తే పనిచేసింది. బేసిక్‌ను మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం, అంటే లోడర్, రాయలేదన్న సంగతి మాత్రం వెళ్తుండగా విమానంలో గుర్తొచ్చింది, అక్కడే కూర్చుని రాశాడు!

అపోహ: స్క్రీన్, కీబోర్డు లేని డబ్బా అంటే ఇప్పటి పిల్లలకు బోర్.

వాస్తవం: మనం లెక్చర్ దంచితే బోరే మరి. స్విచ్‌లు వాళ్లకే వదిలేయండి. రెండు అంకెలు కూడే ప్రోగ్రాం ఇస్తాను, మొదటి ఆదేశం ఆక్టల్‌లో (0 నుంచి 7 వరకు అంకెలతో రాసే లెక్కలో) 072, పైన అంటే 1, కింద అంటే 0, కాబట్టి ఎనిమిది స్విచ్‌లు ఎడమ నుంచి కింద, కింద, పైన, పైన, పైన, కింద, పైన, కింద, ఆపై దాన్ని మెమరీలో పెట్టే డిపాజిట్ స్విచ్. తర్వాత మొదటి అంకె ఉన్న మెమరీ అడ్రస్, 200, 000, ఒక్కోదానికీ తర్వాతి గడిలో పెట్టే డిపాజిట్ నెక్స్ట్. అడ్రస్‌లో చివరి సగం ముందెందుకు సార్ అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు, 8080 తీరే అంత. 5, 3 ఇచ్చి నడిపిస్తే జవాబు 8, అంటే 0, 1 లెక్కలో 00001000, కాబట్టి జవాబు దగ్గర కుడి నుంచి నాలుగో లైటు ఒక్కటే వెలగాలి. ఇంకోటి వెలిగిందా, ఇక ఎవరు ఏ స్విచ్ తప్పు వేశారో తేలేదాకా గదిలో ఒకటే గోల.

అపోహ: ఖర్చు ఎక్కువ.

వాస్తవం: సిమ్‌హెచ్ లాంటి సిమ్యులేటర్లు ఉచితం, పాత ల్యాప్‌టాప్ చాలు.

అపోహ: సిమ్యులేటర్ ఉంటే ఇక మ్యూజియం దేనికి?

వాస్తవం: ఇదీ తప్పే. సిమ్యులేటర్‌లో అన్నీ రెప్పపాటులో అయిపోతాయి, అసలు మెషీన్ నిదానం అందులో తెలియదు. అప్పట్లో టెలిటైప్ (టైపు మిషన్ లాంటి యంత్రం) ప్రోగ్రాం రంధ్రాలుగా ఉన్న కాగితం టేపును సెకనుకు 10 అక్షరాల చొప్పున చదివేది, 4కె (దాదాపు 4 వేల అక్షరాల) బేసిక్ ఎక్కడానికి దాదాపు 7 నిమిషాలు. అందుకే గడియారం పెట్టి పిల్లల్ని ఆ 7 నిమిషాలూ ఊరికే కూర్చోబెడతాను. మూడో నిమిషానికే కదలడం మొదలవుతుంది, మధ్యలో కరెంటు పోతే ఏంటి అని అడుగుతారు. మెమరీ ఖాళీ, మళ్లీ స్విచ్‌లతో లోడర్ ఎక్కించడం దగ్గర్నుంచి మొదలు.