క్లైంబింగ్ షూస్, కాళ్ల నొప్పి: రాళ్ల దగ్గర రోజూ వినే అపోహలు

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లో మేం క్లైంబింగ్ చేసే ఖాజాగూడ రాళ్ల దగ్గరికి వస్తే ఒక సీన్ మాత్రం గ్యారంటీ, ఎవరో ఒకరు దిగీ దిగగానే షూస్ పీకేసి బొటనవేలు పట్టుకుని కూర్చుంటారు. ఏంట్రా అంటే "నొప్పి ఉండాలి కదన్నా, లేకపోతే గ్రిప్ రాదు" అంటారు. క్లైంబింగ్ నేర్పడం మొదలెట్టినప్పట్నుంచీ ఇదే మాట వింటున్నా.

అపోహ: ఎంత నొప్పి ఉంటే అంత గ్రిప్

బిగుతుగా ఉండాలి, నిజమే. లోపల ఖాళీ ఉంటే చిన్న అంచు మీద నిలబడగానే పాదం షూలో తిరిగిపోతుంది. కానీ బిగుతు వేరు, నొప్పి వేరు. వేళ్లు చివర తగిలి కొంచెం ముడుచుకుని, పాదం చుట్టూ ఒకేలా నొక్కినట్టుంటే సైజు కరెక్ట్. గోరు మీదో చిటికెనవేలు పక్కనో ఒక్క చోటే సూదితో పొడిచినట్టుంటే ఆ షూ షేపే మీకు పడదని అర్థం. నొప్పి పెట్టే కాలి మీద ఎవరూ పూర్తి బరువు వెయ్యరు, తెలీకుండానే చేతులతో లాగుతారు, కాసేపటికే ముంజేతులు రాళ్లైపోతాయి, ఇంక గ్రిప్ ఎక్కడిది.

అపోహ: ముందు భాగం కిందికి వంగిన షూస్ అయితేనే ప్రొఫెషనల్

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. అరటికాయలా వంగిన ఆ షూస్ ఓవర్‌హ్యాంగ్‌ల కోసం, అంటే మన మీదికి వాలిన రాయి మీద కాలి వేలి కొనతో హోల్డ్‌ని (కాలో చెయ్యో ఆనించే అంచుని) లోపలికి లాక్కోడానికి. బాదామి ఇసుకరాయి మీద అలా వాలిన రూట్లకి (ఎక్కే దారులకి) పనికొస్తాయి, సరే. కానీ హైదరాబాద్, హంపి, భువనగిరి అంతా గ్రానైటే (భువనగిరి అంటే 2014లో ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ మొదట రాయి ఎక్కడం నేర్చుకున్న గుట్ట). ఇక్కడ స్లాబ్‌ల మీద, అంటే ఏటవాలుగా ఉండే నున్నటి బండల మీద, పట్టుకోడానికి ఏమీ ఉండదు, మడమ దించి రబ్బరుని రాయికి ఎంత ఆనిస్తే అంత నిలబడతాం. వంగిన షూని అలా చదును చెయ్యబోతే బరువంతా ముడుచుకున్న వేళ్ల కణుపుల మీదే. ఒకబ్బాయి అలాంటి ఖరీదైన షూతో రెండు నెలలు ఏడ్చి, నా పాత ఫ్లాట్ జత వేసుకుని అదే స్లాబ్ మీద నడిచినట్టు వెళ్లిపోయాడు.

అపోహ: సాగుతాయిలే, రెండు సైజులు తగ్గించి తీసుకో

లైనింగ్ లేని తోలైతే సాగుతుంది, ఒక్కోసారి దాదాపు సైజంత. సింథటిక్ పెద్దగా సాగదు. ఇంకోటి, ముందు వేళ్ల చుట్టూ రబ్బరు ఉంటుంది కాబట్టి సాగినా వెడల్పే పెరుగుతుంది, పొడవు కాదు. అందుకే బొటనవేలి గోరుకి మొదటిరోజు గుచ్చుకున్నది ఆర్నెల్ల తర్వాత కూడా గుచ్చుకుంటుంది. రోజూ వేసుకునే బూట్ల సైజు చూసి ఆన్‌లైన్‌లో కొట్టెయ్యకండి, కంపెనీ కంపెనీకీ సైజు మారుతుంది. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసి చూడండి.

అపోహ: వేడి చేస్తే లూజ్ అవుతాయి

అవుతాయి, జిగురు కూడా లూజ్ అయ్యి సోల్ ఊడొస్తుంది. మే నెలలో కారులో వదిలేసినా అదే కథ. దానికంటే ఇంట్లో పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి షూలో దూర్చి, టీవీ చూస్తూ రోజూ పది నిమిషాలు ఉంచుకోండి.

సాక్స్ వేసుకోకూడదన్నది రూలేం కాదు, జిమ్ అద్దె షూస్‌కైతే నేనే వేసుకోమంటా. గోళ్లు గుండ్రంగా కాకుండా అడ్డంగా సూటిగా కత్తిరించండి, లేకపోతే మూలలు చర్మంలోకి దిగుతాయి. పిల్లలకి మాత్రం టైట్ షూస్ వద్దే వద్దు, వాళ్ల ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. షూ తీసేశాక కూడా తిమ్మిరి పోకపోయినా, బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొస్తున్నా డాక్టర్ దగ్గరికెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు చిన్న పుండుని కూడా వదిలెయ్యొద్దు.

ప్రతి రూట్ తర్వాతా షూ తీసెయ్యండి. పొడుగు రూట్లలో మధ్యలో ఆగినప్పుడు మడమైనా బయటికి తియ్యండి, పూర్తిగా తీస్తే మాత్రం వెంటనే హార్నెస్‌కి (తాడు కట్టే నడుం పట్టీకి) తగిలించుకోండి. నా ఎడమది ఒకసారి చెయ్యి జారి కిందకి పోయింది, మిగతా గుట్టంతా ఒంటి షూతో ఎక్కా.